బళ్లాపుర సీమలో గ్రామాచారమూ క్రైస్తవమూ

ఒక కొత్త మతము ఒక సీమకు వచ్చినపుడు, దాని నంగీకరించినవారు తమ ఆరాధ్యదైవమును మార్చుకొందురు. కాని తాము మాటలాడు భాషను, పెండ్లినాడు కట్టు పసుపుత్రాటిని, చనిపోయినవారిని తలచుకొను తీరును ఒక్కనాటిలో మార్చుకొనజాలరు. అప్పుడొక ప్రశ్న పుట్టును. వీనిలో మతమునకు చెందినదేది? దేశమునకు చెందినదేది? ఈ ప్రశ్న పూర్వము రోములోను ఇంగ్లండులోను పుట్టినది. 18వ శతాబ్ది ప్రారంభమున బళ్లాపుర సీమలోను పుట్టినది. దానికి పెద్దలు చెప్పిన సమాధానములు ఒకటికాదు. అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆ వివాదపు జాడలు నేటికిని తెలుగుమాటలలో నిలిచియున్నవి.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007వ సంవత్సరము వరకు కోలారు జిల్లాలోనివి. ఆ యేడు చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా యైనది. దీనికి ఉత్తరమునను తూర్పునను ఆంధ్రదేశమే సరిహద్దు. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఎన్నో ఊళ్లయందు ఇంటిభాష తెలుగు. బడిభాష, కచేరిభాష కన్నడము. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారాయణ తాతయ్య (1726–1836 అని సంప్రదాయము) తెలుగు కన్నడములు రెంటను తత్త్వము పాడినవాడు. ఆయన కీర్తనలు రెండుభాషల వారికిని ఉమ్మడిసొత్తు.

ఈ సీమలోని సామాన్యజనుల మతము గ్రామదేవతలతో ముడివడినది. గంగమ్మ, మారెమ్మ, ఎల్లమ్మ ఊరికి కాపు. వానలు కురియనపుడు, పశువులకు తెగులు తగిలినపుడు, పిల్లలకు అమ్మవారు పోసినపుడు ఈ తల్లులకు మ్రొక్కుకొందురు. వేపమండలు, తంబిట్టు దీపములు, కోడి మేక బలులు, తలనీలాలు ఈ మ్రొక్కుబడులలోనివి. మ్రొక్కునకు శాస్త్రముతో పనిలేదు, మతభేదముతోను పనిలేదు. చింతామణి తాలూకాలోని మురుగమల్ల దర్గాకు హిందువులును మ్రొక్కుకొని పోవుట అందరెరిగినదే. ఆపద తీర్చువా రెవరో చూతురుగాని, వారి మతమేదని అడుగరు.

ఇట్టి ఆచారములను ఐరోపా భాషలలో ‘పాగన్’ మతమని పిలిచిరి. ఇది ‘పాగనస్’ అను లాటిను మాటనుండి వచ్చినది. ఆ మాటకు మొదటి అర్థము పల్లెటూరివాడు. క్రీస్తుశకము 4వ శతాబ్దినుండి క్రైస్తవులు దానిని క్రైస్తవులు కానివారి కందరికిని వాడసాగిరి. పట్టణములు ముందుగా క్రైస్తవములై, పల్లెలు పాతదేవతలను విడువకుండుటయే దీనికి కారణమని కొందరందురు. తెలుగు బైబిలులో కనబడు ‘అన్యజనులు’ అను మాటకు మూలములోని అర్థము తక్కిన జనములు అని మాత్రమే. ఒకటి ఊరిని తెలుపు మాట, మరియొకటి జనమును తెలుపు మాట. రెంటిలోను మొదట నింద లేదు. నింద పిమ్మట చేరినది.

గ్రామదేవతల నేమి చేయవలెనను చిక్కు క్రైస్తవమునకు మాత్రమే కలిగినది కాదు. పురాణమతము దానిని తనదైన మార్గమున తీర్చుకొన్నది. తిరుపతిలోని తాతయ్యగుంట గంగమ్మను వేంకటేశ్వరుని చెల్లెలందురు. ఎల్లమ్మను జమదగ్ని భార్యయైన రేణుక యందురు. ఈ విధముగా పొలిమేరలోని దేవత పెద్దకథలో చుట్టరికము సంపాదించుకొన్నది. అమ్మకు పేరు పెరిగినది, జాతర నిలిచినది.

ఏకేశ్వరమతమున కీ త్రోవ మూతబడినది. అచట గంగమ్మ ఎవరికిని చెల్లెలు కాజాలదు. కనుక క్రైస్తవమునకు మిగిలిన ఉపాయ మొక్కటే: దేవతను విడదీసి ఆచారమును మాత్రము నిలుపుకొనుట. 601వ సంవత్సరమున పోపు మొదటి గ్రెగరీ ఇంగ్లండునకు పోవుచున్న మెలిటస్ అను గురువునకు వ్రాసిన లేఖలో ఈ ఉపాయమునే బోధించెను. విగ్రహములను తీసివేయుడు, గుడులను పడగొట్టక పవిత్రజలము చల్లి దేవుని ఆరాధనకు వాడుకొనుడు, పశుబలుల దినములను పండుగవిందులుగా మార్చుడు అని దాని సారాంశము. 609వ సంవత్సరమున రోములోని సర్వదేవతల ఆలయమైన పాంథియను చర్చిగా మారినది. క్రిస్మసు డిసెంబరు 25న జరుగుచుండెనని తెలుపు తొలి దాఖలా 336వ సంవత్సరమునాటిది. అంతకుముందే, 274లో, అరేలియను చక్రవర్తి రోములో సూర్యదేవుని ఆరాధనకు రాజ్యపు ఆదరువు కల్పించియుండెను. ఆ తేదీకి సూర్యారాధనయే మూలమా యను విషయమున పండితు లేకాభిప్రాయమునకు రాలేదు. కాని పాతపండుగలు, కొత్తపండుగలు ప్రక్కప్రక్కనే పెరిగినవనుట నిస్సందేహము.

ఈ విధానమే వేయియేండ్ల పిమ్మట దక్షిణదేశమునకు వచ్చినది. 1606లో మదురకు వచ్చిన ఇటలీ దేశపు జెసూట్ గురువు రాబర్టు డి నోబిలి కాషాయము ధరించి, మాంసము మాని, సన్న్యాసివలె జీవించెను. తమిళ సంస్కృతములతోపాటు, నాయకరాజుల కొలువుభాషయైన తెలుగును నేర్చెను. జందెము, పిలక, గంధము, స్నానము కులమర్యాదకు గుర్తులేగాని విగ్రహారాధనలు కావని ఆయన వాదము. 1623లో పోపు 15వ గ్రెగరీ కొన్ని నిబంధనలతో దాని నంగీకరించెను.

18వ శతాబ్ది ప్రారంభమున పుదుచ్చేరినుండి ఫ్రెంచి జెసూట్లు ‘కర్ణాట మిషను’ పేరుతో తెలుగు సీమలోనికి వచ్చిరి. వారును మదుర పద్ధతినే అనుసరించిరి. వారి కేంద్రములలో పుంగనూరు, కృష్ణాపురము, మదిగుబ్బలతోపాటు చిన్నబళ్లాపురము, అనగా నేటి చిక్కబళ్లాపురము, కలదు. లెగాక్ మొదలగు గురువులు ఈ ప్రాంతములనుండి తమదేశమునకు వ్రాసిన ఉత్తరములు పారిసులో అచ్చుపడిన లేఖాసంపుటములలో చేరినవి. అప్పటి పాళెగాండ్ర కొలువులు, కరవులు, దండయాత్రలు వానిలో కనబడును. ఈ సంఘమువారిలోని కాల్మెట్ 1730 ప్రాంతములలో ఫ్రాన్సు రాజుగారి గ్రంథాలయమునకు వేదముల వ్రాతప్రతులు సంపాదించి పంపెను. కెర్డూ తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదములతో నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు లాటిను గ్రీకులతో గల పోలికను గూర్చి 1767లో పారిసు పండితులకు వ్రాసెను. అనంతపురపు సీమలో ఈ మతమును స్వీకరించిన రెడ్డికుటుంబములు కొన్ని తరువాత గుంటూరు సీమకు వలసపోగా, ఫిరంగిపురము మొదలగు ఊళ్లలో కథోలిక సంఘములు వర్ధిల్లినవి.

ఈ గురువులకు ఎదురైన మొదటి కష్టము భాష. తమ మతములోని భావములకు తెలుగున మాటలు కావలెను. కథోలికుల తెలుగును పరిశీలించినచో, వారు లాటిను మాటలను దిగుమతి చేయుటకంటె దేశపుమాటలను చేరదీయుటయే మేలని తలచినట్లు తెలియును. దేవుడు సర్వేశ్వరుడు. చర్చి దేవాలయము, గుడి. ఆరాధన దివ్యపూజ. అందు స్వీకరించునది దివ్యసత్ప్రసాదము. మతమున చేరుట జ్ఞానస్నానము. క్రైస్తవసమాజ మంతయు తిరుసభ. ఇందలి ‘తిరు’ తిరుపతిలోని తిరుయే. ఈస్టరునకు ముందటి నలుబదిదినముల ఉపవాసకాలము తపఃకాలము. ఈ పదజాలమునకు సోదరియా అన్నట్లు, 18వ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తుకథను ‘వేదాంత రసాయనము’ అను ప్రబంధముగా రచించెను. ఆ గ్రంథనామమును మాత్రమే చదివినవారు దానిలో క్రీస్తుకథ యున్నదని ఊహింపజాలరు.

ఐనను ఈ మార్గము నందరును మెచ్చలేదు. వివాదము రోమువరకు పోయెను. పోపు ప్రతినిధిగా వచ్చిన టూర్నన్ 1704లో పుదుచ్చేరిలో ఒక శాసనము వెలువరించెను. చరిత్రలో దీనిని ‘మలబారు ఆచారముల వివాదము’ అందురు. ఇచట మలబారనగా దక్షిణదేశమని గ్రహింపవలెను. ఆ శాసనమున నిషేధింపబడినవి మన ఇండ్లలోని వస్తువులు, వేడుకలు. వినాయకుని రూపుగల తాళిబొట్టు కూడదు. సిలువయో దేవమాత రూపమో గల తాళి కట్టవచ్చును. నూటయెనిమిది పోగుల పసుపుత్రాడు కూడదు. పెండ్లిలో టెంకాయ కొట్టి శుభాశుభములు చూడరాదు. ఆడుబిడ్డ పెద్దమనిషియైనపుడు వేడుక చేయరాదు. పేడనుండి చేసిన విభూతి నుదుట దాల్చరాదు. నాలుగు దశాబ్దుల వాదోపవాదముల పిమ్మట, 1744లో పోపు 14వ బెనెడిక్టు ఈ శాసనమును చాలవరకు స్థిరపరచెను. గురువులు దానికి కట్టుబడియుందుమని ప్రమాణము చేయవలసివచ్చెను. 1773లో జెసూట్ సంఘమే రద్దుకాగా, ఈ సీమలోని వారి పని పారిసు విదేశ మిషనువారి చేతికి వచ్చెను.

శాసనము ఆచారములలో దేనిని చంపినది, దేనిని చంపలేకపోయినది అనుట విచారింపదగినది. తాళి పోలేదు, దానిపై గుర్తు మారినది. తెలుగు క్రైస్తవ వధువుల పుస్తెలపై సిలువయు పావురమును నేటికిని చూడవచ్చును. విభూతిమాట మరింత చిత్రమైనది. తపఃకాలము మొదటినాడు గురువు భక్తుల నుదుట బూడిద పూయును. ఆ బూడిద అంతకుముందటి యేడు మట్టల ఆదివారమున దీవించిన మట్టలను కాల్చగా వచ్చినది. ఆ దినమునకు తెలుగు కథోలికులలో పేరు విభూతి బుధవారము. తమిళ క్రైస్తవులలోను ఈ మాట కలదు. పేడవిభూతిని శాసనము తుడిచివేసినది, ‘విభూతి’ అను మాటను తుడువలేకపోయినది. శైవుడు విభూతిని దాల్చునపుడు దేహము బూడిదయగునని తలచుకొనును. మట్టిలో కలియుదువని గురువు క్రైస్తవునకు జ్ఞాపకము చేయును. మాట నిలుచుటకు బహుశః ఈ భావసామ్యమే తోడ్పడియుండును.

జాతర గూడ ఇట్లే రూపుమార్చుకొని నిలిచినది. బళ్లాపుర సీమవారికి దగ్గరలోనున్న బెంగుళూరు శివాజీనగరములో సెప్టెంబరు 8న మరియమాత పండుగకు, విగ్రహమునకు చీర కట్టి తేరుపై ఊరేగింతురు. విజయవాడ గుణదలలో 1924లో వెలసిన మరియమాత క్షేత్రమున, ఫిబ్రవరి ఉత్సవములకు వచ్చువారు తలనీలా లర్పింతురు, టెంకాయలు కొట్టుదురు. వారిలో క్రైస్తవులు కానివారును ఎందరో కలరు. మ్రొక్కు తీర్చుకొను విధము ఒక్కటే. మ్రొక్కించుకొను తల్లి వేరు.

ప్రొటెస్టంటు మార్గము దీనికి భిన్నమైనది. లండను మిషనువారు 1810లో బళ్లారికి, 1820లో బెంగుళూరునకు వచ్చిరి. చిక్కబళ్లాపురమున 1913లో వారు నెలకొల్పిన ఆసుపత్రి, 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడిన పిదప దాని పేరుతో ప్రసిద్ధమైనది. విగ్రహములు, తేరులు, విభూతి వీరికి సమ్మతములు కావు. పదజాలమును వేరుగానే ఏర్పరచుకొనిరి. జ్ఞానస్నానమునకు బదులు బాప్తిస్మమనిరి, సత్ప్రసాదమునకు బదులు ప్రభురాత్రిభోజనమనిరి. ఐనను దేశపు ఆచారము వీరి ఆరాధనలోనికి పాటద్వారమున ప్రవేశించినది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలు పల్లవి చరణములతో, రాగతాళములతో నడచినవి. కన్నులకు కనబడు ఆచారమును కాదన్నవారు చెవికి వినబడు సంప్రదాయమును కౌగిలించుకొనిరి. బైబిలు తెలియని పల్లెజనులకు సయితము ఆ కీర్తనల నడక పరాయిది కాలేదు.

ఈ కలయికలో రెండు నిందలు తప్పలేదు. మొదటిది మోసమను నింద. కాషాయము ధరించి, సర్వేశ్వరుడని చెప్పి, తెలియనివారిని త్రిప్పుకొనిరని కొందరందురు. ఈ నింద పూర్తిగా నిరాధారము కాదు. ‘ఎజుర్వేదము’ అను పేరుతో ఒక ఫ్రెంచి గ్రంథము ప్రాచీనవేద వ్యాఖ్యానముగా చెలామణియైనది. వోల్టేరు వంటివాడు దానిని నమ్మి 1761లో రాజుగారి గ్రంథాలయమున కిచ్చెను. అది 1778లో అచ్చైనది. తరువాత అది క్రైస్తవగురువుల రచనయని తేలినది. దానిని పరిశీలించి వ్రాసిన ఎల్లిస్ వ్యాసము ఆయన మరణానంతరము 1822లో వెలువడెను. తెలుగు ద్రావిడకుటుంబములోని దని 1816లో నిరూపించిన ఎల్లిస్ ఈయనయే. అట్టి రచనను సమర్థించుట కష్టము. కాని ఒక మారుపేరు గ్రంథమునకును, ఇంటిభాషలో దేవుని సర్వేశ్వరుడని పిలుచు కాపువాని ప్రార్థనకును భేదము కలదు. మొదటిదానిలో మరుగు కలదు. రెండవదానిలో తనకు తెలిసిన మాట తప్ప మరేమియు లేదు.

రెండవ నింద మరింత లోతైనది. దేశాచారమని నిలుపుకొన్నవానిలో పసుపు, పూలు, పాటలు మాత్రమే కాదు, కులము గూడ నున్నది. సన్న్యాసివేషమున ఉన్న గురువు అంటరానివారని చెప్పబడిన క్రైస్తవుల ఇండ్లకు పోయినచో, పైకులముల వారు ఆయనను దరిచేరనీయరు. కనుక మరణశయ్యపైనున్న నిరుపేద క్రైస్తవుని గుడిసెకు పోవుటకు గురువులు జంకిరి. 1704 నాటి శాసనము ఈ వెనుకాడుటను ఖండించినది. 1744లో కనుగొన్న పరిష్కారము వారికొరకు ప్రత్యేకగురువులను నియమించుట! తాళిబొట్టుపై గుర్తును మార్చుటకు పట్టుబట్టిన శాసనము, మనిషిని అంటరాదను ఆచారముతో రాజీపడినది. గుడులలో వేరువేరు తావులు, ఊరిబయట వేరు శ్మశానములు దక్షిణదేశమున చాలకాలము నిలిచినవి.

దీని ఫలితము నేటి చట్టములోను కనబడుచున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల రక్షణ మతమును బట్టి యుండును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును దానిని వర్తింపజేసిరి, క్రైస్తవులకు వర్తింపలేదు. క్రైస్తవమున కులము లేదని శాస్త్రము చెప్పును. ఉన్నదని ఊరు చెప్పును. వీనినడుమ మాల మాదిగ కుటుంబములు నలుగుచున్నవి. గ్రామాచారమును గూర్చి మాటలాడువారు దీపములను, ముగ్గులను మాత్రమే వర్ణించి ఊరకుండుట న్యాయము కాదు.

20వ శతాబ్దిలో రోము వైఖరి మారినది. 1940లో గురువుల ప్రమాణము రద్దయ్యెను. రెండవ వాటికను మహాసభ 1963లో దేశభాషలలో ఆరాధనకు ద్వారము తెరచినది. 1967లో బెంగుళూరున జాతీయ ధర్మబోధ, ఆరాధన కేంద్రము వెలసినది. 1969లో భారతదేశపు పూజకు పన్నెండు మార్పులు అంగీకరింపబడెను. పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండుట, చేతులు జోడించి నమస్కరించుట, నూనెదీపము వెలిగించుట, ఆరతి ఇచ్చుట వానిలోనివి. 1704లో అనుమానాస్పదములైన చేష్టల కెంతో దగ్గరివి 1969లో ఆమోదము పొందినవి. అప్పుడును కొందరు క్రైస్తవులు ఇవి హిందూ ఆచారములని కోపించిరి. కొందరు హిందువులు ఇవి తమ సొత్తని అభ్యంతరము చెప్పిరి. పుదుచ్చేరినాటి వాదమే బెంగుళూరున మరల వినబడినది.

ఈ ఉభయపక్షములును మరచునది యొక్కటి కలదు. పూజ, ప్రసాదము, తపస్సు, విభూతి అను మాటలు ఒక మతమువారు మరియొక మతమువారికి ఇచ్చినవియు కావు, దొంగిలించినవియు కావు. తెలుగు మాటలాడువారందరి నోటను అవి ముందే యుండినవి. బౌద్ధులును, జైనులును, శైవులును, వైష్ణవులును ఒకే ‘ధర్మము’ను తమతమ అర్థములతో వాడుకొన్నట్లే, క్రైస్తవులును తమ అర్థముతో వాడుకొనిరి. మాట ఉమ్మడిది; అర్థము ఎవరిది వారిది.

సరిహద్దు సీమలోని తెలుగువారికి ఈ విషయము మరింత ముఖ్యమైనది. ఇచటి పిల్లలు ఇంట తెలుగు మాటలాడి, బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివి, తెలుగు చదువుటకును వ్రాయుటకును దూరమగుచున్నారు. గంగమ్మ జాతరలోని పాటయైనను, క్రైస్తవుల ఇంటిలోని జపమైనను, కైవార తాతయ్య తత్త్వమైనను ఇంటిభాషతోనే బ్రదుకవలెను. ఆ భాష వాడినచో, మూడును ఒక్కసారిగా వాడిపోవును. అందుచేత ఈ సీమలోని పెద్దలు బ్రదికియుండగనే, వారివారి ఇండ్లలోని పండుగపేర్లను, పెండ్లి చావుల ఆచారములను, ప్రార్థనలలోని మాటలను మతభేదము లేక వ్రాసి భద్రపరుపవలసియున్నది. ఏ మాటను ఏ ఊరిలో ఎవరు వాడుచున్నారో, ఏ వేడుకలోనికి ఎవరిని రానిత్తురో ఎవరిని రానీయరో కూడ అందు తప్పక చేరవలెను. ఆ రెండవ వివరము లేనిదే మొదటిది సగము సత్యము మాత్రమే యగును.